ప్రాంతాల లెక్కలో వాడ ఎక్కడ? (7వ భాగం)



గ్రూప్-2కు చదివే పిల్లల్ని తెలంగాణ మిగులు నిధుల గురించి అడిగి చూడండి. ఠక్కున చెప్తారు. కుమార్ లలిత్ కమిటీ 34.10 కోట్లు, జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లు. ఏ సంవత్సరం? 1969. బిట్టు అయిపోయింది, తర్వాతి బిట్టు పెద్దమనుషుల ఒప్పందం తేదీ: 1956 ఫిబ్రవరి 20. మా కాలేజీలో కూడా పిల్లలు ఇట్లాగే వల్లె వేస్తారు. తప్పేం లేదు, ఉద్యోగం కావాలి కదా. కానీ ఏ గైడులోనూ లేని ప్రశ్న ఒకటుంది. ఆ కోట్లు ఎవరి కష్టంలోంచి వచ్చాయి? మిగిలిన డబ్బు తిరిగొస్తే ఎవరి గడపకు చేరేది?

ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టే. ప్రాంతాల మధ్య సమతుల్య అభివృద్ధి అనే మాట మనం అరవై ఏళ్లకు పైగా వింటున్నాం. ఆ మాట మీద ఉద్యమాలు నడిచాయి, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. దాన్ని కొలిచింది ఎవరు, ఏ కొలతతో కొలిచారు అన్నది మాత్రం మన వాడల్లో పెద్దగా చర్చకు రాలేదు.

ముందు మిగులు సంగతి. పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ఉమ్మడి పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాగా భరించాలి. అది పోను తెలంగాణ రాబడిలో మిగిలింది తెలంగాణ మీదే ఖర్చు పెట్టాలి. లెక్కల్లో ఉమ్మడి ఖర్చును ఆంధ్రకు రెండు వంతులు, తెలంగాణకు ఒక వంతు చొప్పున పంచారు. 1956 నవంబరు నుంచి 1968 మార్చి దాకా ఖర్చు కాకుండా ఉండిపోయింది ఎంత అన్నదే లలిత్, భార్గవ కమిటీల ముందున్న పని. ఇద్దరి అంకెలకూ మధ్య తేడా 5.76 కోట్లు. దస్తావేజులు అవే, కాలం అదే, అయినా జవాబులు రెండు. ఏ పద్దును ఏ ప్రాంతం ఖాతాలో రాయాలి అనే దగ్గర చెయ్యి కొంచెం అటూ ఇటూ జరిగితే కోట్లు అటూ ఇటూ జరుగుతాయి. కొలత అన్నది ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు కూర్చొని నిర్ణయిస్తారు.

మరి తెలంగాణకు మిగులు ఎట్లా వచ్చింది? దీనికి జవాబు ఉద్యమ కరపత్రాల్లో కాదు, 1955లో వచ్చిన ఫజల్ అలీ కమిషన్ నివేదికలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం డబ్బుకు కటకటలాడుతుంటే తెలంగాణకు ఆ ఇబ్బంది ఎందుకు లేదు అన్నదానికి కమిషన్ ప్రధానంగా రెండు కారణాలు చెప్పింది. ఒకటి, తెలంగాణలో భూమి శిస్తు బాగా ఎక్కువ. రెండు, ఏటా సుమారు 5 కోట్ల అబ్కారీ రాబడి. మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్ర ప్రాంతంలో మద్యనిషేధం ఉంది, ఇక్కడ లేదు. పెద్దమనుషుల ఒప్పందంలో మద్యనిషేధం గురించి వేరే అంశం పెట్టుకోవడం ఊరికే జరగలేదు.

అబ్కారీ అంటే ఏమిటి? తాటిచెట్టుకు, ఈతచెట్టుకు గౌండ్లాయన కట్టిన చెట్టు పన్ను. మా అడవిలో కోయ ఆడవాళ్లు తెల్లవారుజామున ఏరిన ఇప్పపువ్వుతో కాచిన సారా మీద సర్కారు పిండిన రాబడి. పొద్దంతా మోటకొట్టి, నాటేసి, కోతకోసి ఒళ్లు హూనమైన మనిషి సాయంత్రం కల్లు దుకాణంలో పెట్టిన అణాపైసలు. శిస్తు సంగతి కూడా అంతే. కాగితం మీద కట్టేది పట్టాదారు, ఆ ధాన్యం పండించింది పాలేరు. తెలంగాణ మిగులు అని గర్వంగా చెప్పుకునే దాంట్లో పెద్ద భాగం దళిత బహుజనుల, ఆదివాసుల చెమట నుంచి వచ్చిందని నా నిర్ధారణ. ఆ మిగులు కోసం కొట్లాడిన పెద్దలు దాన్ని 'ప్రాంతం' సొమ్ము అన్నారు. ప్రాంతం అనే మాటలో ఊరూ ఉంది, వాడా ఉంది. సొమ్ము వచ్చేటప్పుడు వాడ నుంచి వస్తుంది, పోయేటప్పుడు ఊరికి పోతుంది.

1955లోనే బాబాసాహెబ్ భాషారాష్ట్రాల మీద రాసిన చిన్న పుస్తకంలో ఆంధ్ర గురించి పేర్లు పెట్టి మరీ చెప్పాడు. భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెడ్డి, కమ్మ, కాపు కులాల చేతుల్లో ఉన్నాయని, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారని. ఎల్లలు గీసేవాళ్లు కులం లెక్క చూడకుండా గీస్తే ఏమవుతుందో ఆయనకు ముందే తెలుసు. మన రాజకీయ శాస్త్రం పాఠాల్లో ఆ పుస్తకం పేరు వస్తుంది, ఆ పేజీ మాత్రం రాదు.

1969కి వద్దాం. ఆ ఉద్యమానికి నిప్పు రాజుకుంది మన ఖమ్మం జిల్లాలోనే. పాల్వంచలో కట్టిన కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్న కోపం పాల్వంచలో మొదలైంది. 1969 జనవరిలో ఖమ్మంలో విద్యార్థి అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. న్యాయమైన కోపం. ఆ ఉద్యమంలో మనవాళ్లు వెనక వరుసలో లేరు. టి.ఎన్. సదాలక్ష్మి ఉంది, జె. ఈశ్వరీబాయి ఉంది. ఇద్దరు దళిత ఆడబిడ్డలు ఆ రోజుల్లో ముందు నిలబడి మాట్లాడారు. వాళ్ల ఫొటోలు ఇవాళ్టి ఫ్లెక్సీల్లో ఎన్ని కనిపిస్తాయో మీరే లెక్కపెట్టండి.

ఉద్యమం తర్వాత ఏమొచ్చింది? ఎనిమిది సూత్రాలు, ఆరు సూత్రాలు, జోన్లు, స్థానిక కోటా. 1985 డిసెంబరులో 610 జీవో. అన్నింట్లోనూ కొలిచింది ఒక్కటే, ఈ ఉద్యోగి ఏ ప్రాంతం వాడు అని. పాల్వంచ విద్యుత్ కేంద్రం కోసం భూములు పోగొట్టుకున్న వాడల నుంచి, గూడేల నుంచి లోపల ఏ హోదాలో ఎంతమంది ఉన్నారన్నది ఆ కొలతలో లేదు.

మా అమ్మమ్మ చెప్పే ముచ్చట ఒకటి. దొర దగ్గర రెండు కుంచాలు ఉండేవట. కూలి గింజలు కొలిచేది ఒకటి, నాగు తీర్చేటప్పుడు కొలుచుకునేది ఒకటి. చూడ్డానికి రెండూ ఒకటే. నాగు అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, వానాకాలంలో తిండికి తెచ్చుకున్న గింజల అప్పు, పంట రాగానే అసలుకు సగం కలిపి తీర్చాలి. అడుగున మైనం పెట్టేవాళ్లో, తల కొట్టి కొలిచేవాళ్లో, కుప్పగా కొలిచేవాళ్లో గానీ ఇచ్చినప్పటి కుంచం, తీసుకున్నప్పటి కుంచం ఎన్నడూ సమానం కాలేదు. అడిగే ధైర్యం ఎవరికి? కొలిచేవాడి చెయ్యే కొలత. నేను పీహెచ్‌డీ చేసింది తెలుగు సాహిత్యంలో, అర్థశాస్త్రంలో కాదు. అయినా కమిటీ నివేదికల్లో 'సగటు' అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు ఆ రెండు కుంచాలే గుర్తొస్తాయి.

సగటు ఎట్లా దాస్తుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. రెండు ఊళ్లు అనుకోండి. ఒక్కోదాంట్లో 50 కుటుంబాలు, 100 ఎకరాలు. మొదటి ఊళ్లో ప్రతి ఇంటికీ 2 ఎకరాలు. రెండో ఊళ్లో 5 ఇళ్లకు తలా 20 ఎకరాలు, మిగతా 45 ఇళ్లకు సెంటు భూమి లేదు. రెండు ఊళ్ల సగటు కమతం ఒకటే, 2 ఎకరాలు. ప్రాంతీయ అసమానతను కొలవడానికి జెఫ్రీ విలియమ్సన్ 1965లో వాడిన పద్ధతి ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఒక్కో ప్రాంతం తలసరి ఆదాయం దేశం సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, జనాభాను బట్టి బరువు కట్టి, ఒక అంకె తీస్తారు. ఆ పద్ధతిలో మన రెండు ఊళ్ల భూమిని కొలిస్తే అసమానత సున్నా వస్తుంది. సమతుల్యత సాధించేశాం! రెండో ఊళ్లోని 45 ఇళ్లు ఎక్కడ ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మా కారేపల్లి దగ్గరికి రండి. కొత్తగూడెం పోయే రైల్లో డోర్నకల్ దాటినాక వచ్చే జంక్షన్. మండలం పేరు సింగరేణి, మండల కేంద్రం కారేపల్లి. అవును, ఆ సింగరేణే. దేశమంతా తెలిసిన బొగ్గు కంపెనీకి పేరు ఇచ్చిన ఊరు మాది. భద్రాచలం పోయే యాత్రికులు వంటకు పొయ్యిరాళ్లు పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని మా దగ్గర కథ చెప్తారు. కాగితం మీది చరిత్ర అయితే 1871లో జియలాజికల్ సర్వే నుంచి వచ్చిన డాక్టర్ విలియం కింగ్‌తో మొదలవుతుంది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో ఎక్కువ వాటాలు నిజాం సర్కారు కొన్నది. కారేపల్లి నుంచి ఇల్లెందుకు పోయే రైలు కొసన స్టేషన్ పేరు ఇప్పటికీ సింగరేణి కాలరీస్.

భూమి కింద తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లలో మనవాళ్లు ఎందరో మన ముసలివాళ్లను అడిగితే చెప్తారు. జిల్లా ఉత్పత్తి లెక్కలో మాత్రం బొగ్గు ఎక్కడ తవ్వితే ఆ విలువ అక్కడి ఖాతాలో పడుతుంది. దాని పక్కన పాల్వంచ కరెంటు, సారపాక కాగితం, మణుగూరు భారజలం. ఇంత విలువను జనాభాతో భాగిస్తే తలసరి అంకె ఘనంగా కనిపిస్తుంది. ఆ తలసరిలో సారపాక మిల్లుకు దుంగలు మోసే మనిషి వాటా, ఏజెన్సీలో జీడిమామిడి ఏరుకునే మనిషి వాటా ఎంతని ఏ పట్టికా చెప్పదు. ఉత్పత్తి జరిగిన చోటును కొలిచారు, ఆదాయం చేరిన ఇంటిని కొలవలేదు.

ఇదే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా నీతి ఆయోగ్ 2018లో మొదలుపెట్టిన ఆకాంక్ష జిల్లాల జాబితాలో ఉంది. తెలంగాణ నుంచి ఇది, జయశంకర్ భూపాలపల్లి, కుమ్రం భీం ఆసిఫాబాద్. అక్కడ కొలమానం వేరు. ఆరోగ్యం-పోషణకు 30 శాతం, చదువుకు 30, సాగు-నీటికి 20, ఆర్థిక సేవలు-నైపుణ్యాలకు 10, మౌలిక వసతులకు 10. మొత్తం 49 సూచికలు. మూడు జిల్లాల్లో రెండు బొగ్గు తవ్వే జిల్లాలని బల్ల గుద్ది చెప్పొచ్చు, ఆసిఫాబాద్‌లోనూ సింగరేణి గనులు ఉన్నాయి. ఒక పట్టికలో సంపద, ఇంకో పట్టికలో వెనుకబాటు. రెండూ నిజమే. ఆ రెంటి మధ్య దూరం ఎంతో, దాని కులం ఏమిటో రాసే మూడో పట్టిక లేదు.

ఇంకో విచిత్రం. 2016 అక్టోబరు 11న జిల్లాలు చీల్చినప్పుడు ఇల్లెందు కొత్త జిల్లాలోకి పోయింది, మా సింగరేణి మండలం ఖమ్మంలో ఉండిపోయింది. అంటే గని ఒక జిల్లాలో, గనికి పేరు ఇచ్చిన ఊరు ఇంకో జిల్లాలో. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, పోలవరం కోసం భద్రాచలం వైపు ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చేశారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు కొంత కొంత. ఉమ్మడి ఖమ్మంలో 2011 లెక్కల ప్రకారం నూటికి 27 మంది ఎస్టీలు. కొత్త భద్రాద్రి జిల్లాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, మిగిలిన ఖమ్మంలో అందులో సగం కూడా లేరు. సాగర్ కాలువ నీళ్లు పారే మండలాల పక్కన మా అడవి అంచు మండలాన్ని పెట్టి సగటు తీస్తే జిల్లా అభివృద్ధి చెందినట్టే కనిపిస్తుంది. ఒక్క బడి కట్టకుండా, ఒక్క ఎకరానికి నీళ్లివ్వకుండా, సరిహద్దు గీత జరిపితే చాలు సూచిక పెరుగుతుంది. బుగ్గవాగుకు అటుపక్క పిల్లకూ ఇటుపక్క పిల్లకూ రక్తహీనత ఒకటే, జాబితా మాత్రం వేరు.

కొలతను కింది దాకా దించిన ప్రయత్నాలు లేవా అంటే ఉన్నాయి. పక్కన కర్ణాటకలో డి.ఎం. నంజుండప్ప కమిటీ 2002లో జిల్లాను పక్కన పెట్టి 175 తాలూకాలను విడివిడిగా 35 సూచికలతో కొలిచింది. 114 తాలూకాలు వెనుకబడ్డవని, అందులో 39 అత్యంత వెనుకబడ్డవని తేల్చింది. మన మండలాలు ఆ తాలూకాల కంటే చిన్నవి, మనం ఇంకా బాగా కొలవగలం. మెచ్చుకోవలసిన పనే. కానీ తాలూకాకు వెళ్లినా ఊరికి, వాడకు మధ్య గోడ దాటలేదు.

2013లో రఘురాం రాజన్ కమిటీ రాష్ట్రాల వెనుకబాటును పది అంశాలతో కొలిచింది. ఖర్చు, చదువు, ఆరోగ్యం, ఇంటి వసతులు, పేదరికం, ఆడవాళ్ల అక్షరాస్యత, పట్టణీకరణ, బ్యాంకు సేవలు, రవాణా సంబంధాలు, పదోది ఎస్సీ ఎస్టీ జనాభా శాతం. చదివి కాసేపు నవ్వుకున్నాను. మన స్థితిని కొలవమంటే మన ఉనికినే కొలిచారు. మనం ఎక్కువ ఉంటే ఆ రాష్ట్రం వెనుకబడ్డట్టు. రేపు మన పిల్లలందరూ కలెక్టర్లు అయినా ఆ సూచిక కదలదు. ఆ పదో గడిలో రాయాల్సింది మనం ఎంతమంది అని కాదు. అదే రాష్ట్రంలో మనకూ మిగతావాళ్లకూ ఆదాయంలో, భూమిలో, ఆయుష్షులో తేడా ఎంత అని.

అట్లా చూసిన సందర్భం మన దగ్గర ఒకటి ఉంది, దాన్ని ఇటు పక్షమూ అటు పక్షమూ పట్టించుకోలేదు. 2010 డిసెంబరు 30న ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక. హైదరాబాద్ కలిపి ఒక లెక్క, తీసేసి ఒక లెక్క వేసి, తెలంగాణ వెనుకబాటు చెప్పినంత లేదని, రాయలసీమే వెనకబడి ఉందని వాదించిన నివేదికగా మనకు గుర్తు. ఉద్యమంలో ఉన్నవాళ్లం దాన్ని తగలబెట్టాం కూడా. అందులోనే ఇంకో మాట ఉంది. 1993-94, 2004-05 కుటుంబ ఆదాయ సర్వేలను పోల్చి చూస్తే తెలంగాణలో డబ్బున్నవాళ్లు, పెత్తనం ఉన్నవాళ్లు ముందుకు పోయారని, ఎస్సీ ఎస్టీ మైనారిటీల ఆదాయం మిగతావాళ్లతో పోలిస్తే పడిపోయిందని, మిగతా రెండు ప్రాంతాల్లో అదే వర్గాలు కొంత పుంజుకున్నాయని. రాష్ట్రం ఇవ్వొద్దనుకున్నవాళ్లకు ఈ మాట అక్కరకు రాలేదు. రాష్ట్రం కావాలన్న నాయకులకు అసలే అక్కరకు రాలేదు, ఎందుకంటే వేలు వాళ్ల వైపే తిరుగుతుంది. నేను తెలంగాణ రావాలని కోరుకున్నవాణ్ని, ఇప్పటికీ ఆ కోరిక సరైనదే అంటాను. కానీ ఆ పేజీలను మన సంఘాలు చదివి, రాష్ట్రం వచ్చిన మొదటి ఏడాదే బల్ల మీద పెట్టి ఉండాల్సింది.

ఇక ఏజెన్సీలో దళితుడి సంగతి. ఇది రాయడం కత్తి మీద సాము, కానీ రాయాలి. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. ఆ చట్టం ఉండాలి, ఇంకా గట్టిగా ఉండాలి, దాన్ని సడలించమనే వాళ్లతో నాకు పొత్తు లేదు. అయితే చట్టం కళ్లకు తరతరాలుగా అక్కడ చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, కూలి చేసిన మాల మాదిగలు కూడా గిరిజనేతరులే, కోస్తా నుంచి వచ్చి వందల ఎకరాలు ఆక్రమించిన షావుకారూ గిరిజనేతరుడే. షావుకారుకు కోర్టులు, బినామీలు ఉన్నాయి. మనవాడికి ఏముంది? 2006 అటవీ హక్కుల చట్టం ఇతర సంప్రదాయ అడవివాసులకు దారి ఇచ్చినట్టే ఇచ్చి, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చూపమంది. 1930 నాటి కాగితం వాడలో ఎవరి దగ్గర ఉంటుంది? కోయలు, లంబాడీలు, దళితులు పక్కపక్కనే బతికే చోట ఒకరి ఆకలిని ఇంకొకరి ఆకలి మీదికి ఉసిగొల్పే రాజకీయం సులువు. మనం ఆ వలలో పడొద్దు. ఏజెన్సీ సగటు అన్నప్పుడు దళితుడు అందులో కలిసిపోతాడు, ఏజెన్సీ హక్కు అన్నప్పుడు అందులోంచి తప్పిపోతాడు. నేను చెప్పేది అంతవరకే.

మరి ఏ కొలత కావాలి? కొంత పునాది మనమే కొట్లాడి వేసుకున్నాం. ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, జనాభా దామాషాలో బడ్జెట్ అన్న సూత్రానికి చట్టబలం దొరికింది. 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసి, ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాదికి చేర్చాలన్న మాట పెట్టింది. కానీ అందరికీ వేసిన రోడ్డులో, అందరికీ ఇచ్చిన పథకంలో కొంత భాగాన్ని ఎస్సీల ఖర్చుగా చూపించే అలవాటు పోలేదు. చూశారా, మళ్లీ రెండు కుంచాలు.

2024 నవంబరులో మొదలైన కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. దాని మీద జస్టిస్ సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన నిపుణుల బృందం ప్రాంతాన్ని కాకుండా కులాన్నే యూనిట్‌గా తీసుకుని వెనుకబాటు సూచిక తయారు చేసింది. అరవై ఏళ్లలో మొదటిసారి కొలత తిప్పి పట్టుకున్న పని అది. లోపాలుంటే వాదిద్దాం, దిశ మాత్రం సరైంది. ఇప్పుడు కావలసింది ఆ రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పరచడం. మండలం నిలువుగా, కులం అడ్డంగా. సింగరేణి మండలంలో మాదిగ ఇంటి సాగునీరు, వైరా మండలంలో మాదిగ ఇంటి సాగునీరు, వైరాలోనే కమ్మ ఇంటి సాగునీరు ఒకే పట్టికలో కనిపించాలి. ఎస్సీల లోపల కూడా అంతే. 59 కులాలను మూడు గుంపులు చేసిన 2025 వర్గీకరణ చట్టం చెప్పింది అదేగా, 'ఎస్సీ సగటు' అన్నది కూడా కొందరిని దాస్తుందని.

చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పంచాయతీలో మూడు సంగతులు రాసుకు రండి. ఊళ్లో మొదటి బోరింగు, మొదటి సీసీ రోడ్డు ఏ ఏడాది వచ్చాయి, వాడలోకి అవి ఏ ఏడాది వచ్చాయి. వాడలో ఎన్ని ఇళ్లకు పట్టా భూమి ఉంది, అందులో ఎంత తడి, ఎంత మెట్ట. గత మూడేళ్లలో ఎస్సీ నిధి కింద చూపించిన పనులు ఏవి, అవి నిజంగా ఎక్కడ జరిగాయి. మూడోది అడిగితే చెప్పరు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, నమూనా కామెంట్లలో ఇస్తాను. మనుషుల పేర్లు రాయొద్దు, ఊరు, మండలం చాలు. మా మండలం నుంచి పద్దెనిమిది పంచాయతీల వివరాలు పిల్లలు ఇప్పటికే తెస్తామన్నారు. వచ్చే భాగం 1/70 మీద.